మామ మీసం ఒడ్డి కొన్న కారు

మా వంశంలో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ఈ సంగతి మీకు ఇప్పుడే, ఒక్కసారే చెబుతున్నాను. తొంభైల్లో అయితే ఇంత తేలిగ్గా వదిలేదాన్ని కాదు. సూర్యాపేటలో బస్సెక్కినా, మార్కెట్లో వంకాయలు ఏరినా, మాటను ఎటునుంచి ఎటో తిప్పి నా బీకాం దగ్గరికి తెచ్చి ఆపేదాన్ని. మా నాన్న మార్కెట్ యార్డులో బస్తాలు మోసేవాడు. ఆయనే నయం, "మా బిడ్డ బీకాం" అని రెండు మూడు మాటల్లో ముగించేవాడు. నాకు అన్ని తక్కువ మాటలు సరిపోయేవి కావు.

హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ ఆఫీసులో ఉద్యోగం దొరికాక చెప్పుకోవడానికి ఇంకా బోలెడు దొరికింది. లిఫ్టు గురించి చెప్పాను. ఎండాకాలంలో ఏసీ గదిలో స్వెట్టరు వేసుకుని కూర్చునే మా మేనేజరు గురించి చెప్పాను. అవన్నీ అరిగిపోయి, ఈసారి సెలవుకి ఊరికి ఏ వార్త మోసుకెళ్లాలా అని నేను దిగులు పడుతున్న సమయంలోనే, టైలు కట్టుకున్న ఇద్దరు బ్యాంకు కుర్రాళ్లు మా ఆఫీసుకొచ్చి అందరిచేతా సంతకాలు పెట్టించుకుని పోయారు. కొన్నాళ్లకు కవర్లో క్రెడిట్ కార్డు వచ్చింది. నీలం రంగు కార్డు, దాని మీద ఉబ్బెత్తు అక్షరాల్లో నా పేరు. కళ్లు మూసుకుని తడిమినా నా పేరు నా వేలికి తగిలేది.

ఇక ఆగుతానా! ఆ వారమే బస్సెక్కాను.

సూర్యాపేటలో మా అమ్మ దాన్ని కళ్లకద్దుకుని దేవుడి పటం ముందు పెట్టింది. నాన్న అటు తిప్పి ఇటు తిప్పి, "ఇందుల పైసలెక్కడ వెట్టిన్రు బిడ్డా?" అని అడిగాడు. నేను చెప్పాను, ఆయన తలూపాడు, అంతే, అయిపోయింది. ఇద్దరూ నేనేం చెప్పినా నమ్మేరకం. అలాంటివాళ్లకు గొప్పలు చెప్పి ఏం సుఖం? గొప్పలు చెబితే మా మేనమామకే చెప్పాలి. ఆయన ఏదీ నమ్మడు. మర్నాడు పొద్దున్నే మిర్యాలగూడ బస్సు పట్టుకున్నాను.

మామ వడ్ల బేరగాడు. రైతుకీ రైస్‌మిల్లుకీ మధ్య నిలబడి ధర కుదిర్చేవాడు. మిర్యాలగూడలో ఎన్ని మిల్లులున్నాయో అన్ని మిల్లుల గేట్ల దగ్గరా ఆయన మీసం తెలుసు. ఆయన కంటే మీసమే ఎక్కువ తెలుసు. రెండు కొసలూ చెంపల మీదికి పాకి అక్కడ పైకి లేచేవి. రోజూ పొద్దున ఆముదం రాసి, అద్దం ముందు నిలబడి, పసిపిల్లకు జడ వేసినంత ఓపిగ్గా దాన్ని మెలిపెట్టేవాడు. మా అత్తమ్మకు ఆ మీసం అంటే గిట్టదు. "నేను పోసిన చాయ్‌ల సగం గదే తాగుతది" అనేది.

నేను వెళ్లేసరికి మామ అరుగు మీద, ఆయన తండ్రి, అంటే మా తాత, వేపచెట్టు నీడలో నులకమంచం మీద, అత్తమ్మ గడపలో బియ్యం చెరుగుతూ ఉన్నారు. నేను చెప్పులు కూడా విప్పకుండా కార్డు తీశాను.

"ఇదేందే?" అన్నాడు మామ.

"క్రెడిట్ కార్డు మామా. ఇగ జేబుల పైసల్లేకున్నా ఏదన్న కొనొచ్చు. షాపోనికి ఇది సూపిస్తే సాలు. బ్యాంకోళ్లు ఆనికి పైసలిస్తరు. నేను నెలన్నర దాంక కట్టకున్నా ఏమనరు."

మామ కార్డు తీసుకుని ముక్కుకు దగ్గరగా పెట్టి చూశాడు. "అంటే ఉద్దెర."

"ఉద్దెర గాదు మామా, క్రెడిట్."

"ఇయ్యాల సామాను దెచ్చుకొని, నెలన్నరకు పైసలిస్తే దాన్ని మా మిర్యాలగూడల ఉద్దెరనే అంటరు కోడలా. పదిహేనేండ్లు సదివి, హైదరాబాద్ వొయ్యి, ఉద్దెర దెచ్చుడు నేర్సుకొచ్చినవా? గా పని సదువు రానోళ్లం మేం పుట్టినకాన్నుంచి జేస్తలేమా?"

తాత మంచం మీద నుంచి కిచకిచ నవ్వాడు. అత్తమ్మ చాట అడ్డం పెట్టుకుని నవ్వింది. నా ఒళ్లు మండింది. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు కనుక మరీ మండింది.

సరిగ్గా అప్పుడే మామకు ఇంకో ముచ్చట గుర్తొచ్చింది. రేపు కోదాడ పోతున్నాం, పాత కారు ఒకటి చూసిపెట్టాను, కొనేస్తాను, నువ్వూ రా, కాగితాలు ఇంగ్లీషులో ఉంటాయి, చదివి పెడుదువుగాని, అన్నాడు. మా రెండు కుటుంబాల్లో కారు అనేది అద్దెకు తెచ్చుకునేదే తప్ప ఇంటి ముందు ఆగి ఉండేది కాదు. ఇంకో రోజైతే నేను ఎగిరి గంతేసేదాన్ని. ఆ రోజు మాత్రం నా నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"సరే మామా. బయానా నా కార్డు మీద ఇద్దాం."

బయానా అంటే బేరం ఖాయం అయినట్టు ముందుగా అమ్మేవాడి చేతిలో పెట్టే డబ్బు. అది అరచేతికి తగిలితేనే మాట కట్టుబడినట్టు. మామ ముప్ఫై ఏళ్లుగా దాని మీదే బతుకుతున్నాడు. ఆయనకు నా మాట బూతులా వినపడింది.

"గీ అట్టముక్కకు ఆడు కారిస్తడా?"

"ఇస్తడు."

"కోదాడల? ఒక్క రూపాయి, ఒకే ఒక్క రూపాయి ఆడు గీ ముక్క మీద దీస్కున్నా గాడనే నా మీసం తీయిస్త. పో."

గడపలో చాట చప్పుడు ఆగిపోయింది. అత్తమ్మ లేచి కొంగు దులుపుకుని బయటికొచ్చింది. "గిది నేను ఇన్న. మామయ్యా, నువ్వు గూడ ఇన్నవు గదా?"

"ఇన్న, ఇన్న" అన్నాడు తాత. "మరి పిల్ల ఓడితేనో?"

మామ నన్ను ఎగాదిగా చూశాడు. నాకు ఏది పోతే ఎక్కువ నొప్పో ఆయనకు బాగా తెలుసు. "నువ్వు ఓడితే కోదాడకెళ్లి వచ్చేదారి పొడుగునా నోరు తెరవొద్దు. ఇంటికొచ్చినంక గూడ. మళ్ల నువ్వు హైదరాబాద్ బస్సు ఎక్కెదాంక ఒక్క మాట, ఒక్క బీకాం, ఒక్క లిఫ్టు ఇనవడొద్దు."

ఒప్పుకున్నాను. ఆ రాత్రి అత్తమ్మ నాకు రెండు గుడ్లు ఎక్కువ వేసింది. గెలవమని ఇంత ప్రేమగా నన్నెవరూ ఎప్పుడూ కోరుకోలేదు.

మర్నాడు ముగ్గురం హుజూర్‌నగర్ మీదుగా కోదాడ బస్సులో వెళ్లాం. మామ నడుముకు కండువా, కండువాలో నోట్ల కట్టలు. నా బ్యాగులో కార్డు. దారి పొడుగునా ఆయన మీసం దువ్వుకుంటూ నా వంక చూడటం, నేను బ్యాగు తడుముకుంటూ ఆయన మీసం వంక చూడటం. అత్తమ్మ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ తనలో తను నవ్వుకుంటోంది.

కారు డీలరు షాపు హైవే మీద ఉంది. కింద నాలుగైదు పాత కార్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి, పైన ఆయనదే లాడ్జి. నలభై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా, మెళ్లో గొలుసు. ఏటి అవతలి గట్టు నుంచి వచ్చి కోదాడలో స్థిరపడినవాడు. ఆయన కుర్చీ వెనక గోడ మీద ఎర్రరంగుతో ఇంతేసి అక్షరాల్లో రాసి ఉంది: "అరువు అడగవద్దు." మామ ఆ బోర్డు చూసి, నన్ను చూసి, చిన్నగా దగ్గాడు.

మామ చూసిపెట్టిన కారు పాలరంగుది. గుండ్రటి లైట్లతో ఇప్పుడే నిద్రలేచిన పిల్లాడిలా ఉంది. మామ చుట్టూ తిరిగాడు. టైర్లను కాలితో తన్నాడు. ఎద్దు పళ్లు చూసినట్టు బానెట్ ఎత్తి లోపలికి తొంగి చూశాడు. మిల్లు ట్రాక్టరు నడిపిన అనుభవంతో ఇంజను స్టార్ట్ చేసి కళ్లు మూసుకుని విన్నాడు. అంతా అయ్యాక డీలరు ఎదురుగా కూర్చుని, నడుముకున్న కండువా విప్పి, డబ్బు కట్టలు అత్తమ్మ ఒళ్లో పెట్టి, ఆ కండువాను తన కుడిచెయ్యి మీద కప్పుకున్నాడు.

డీలరు కళ్లు మెరిశాయి. "ఏవండీ, మీదీ పశువుల సంత వాటమేనా? కార్లలోకి రాకముందు నేను పదేళ్లు ఎడ్లు అమ్మానండీ" అంటూ తన చేతిని కండువా కిందికి తోశాడు.

సంతల్లో బేరం అలాగే చేస్తారు. ధర ఎవరూ నోటితో అనరు. గుడ్డ కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని నొక్కుతారు. ఎన్ని వేళ్లు పడితే ఎంత, ఎక్కడ నొక్కితే ఎంత అనేది ఆ ఇద్దరికే తెలుస్తుంది. చుట్టూ వందమంది ఉన్నా ఎవరికీ పత్తా దొరకదు. పైకి మాత్రం వాళ్లు వానల గురించీ పిల్లల గురించీ మాట్లాడుకుంటుంటారు.

"ఈసారి కాలువ నీళ్లు ఎట్లున్నయ్ మీ దిక్కు?" అన్నాడు మామ. కండువా ఒకసారి ఎగిరింది.

"పర్లేదండీ, చివరి పొలాలక్కూడా అందుతున్నాయి" అన్నాడు డీలరు. కండువా అటునుంచి గింజుకుంది.

"అల్లుడేం జేస్తుండు?"

"మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరండీ."

కండువా కింద రెండు పిల్లులు కొట్టుకుంటున్నట్టు ఉంది. నేను నవ్వు ఆపుకోలేక బయటి లారీలు లెక్కపెట్టుకున్నాను. చివరికి ఇద్దరూ ఒక్కసారే చేతులు వదిలి "ఖాయం" అన్నారు. ఎంతకు ఖాయమో నాకు తెలియదు. అత్తమ్మను చూస్తే, ఆమె తృప్తిగా తలాడిస్తోంది. ముప్ఫై ఏళ్ల కాపురం. మామ మోచెయ్యి కదిలే తీరును బట్టే ధర ఎంతో చెప్పేస్తుందని నాకు ఆ తర్వాత తెలిసింది.

మామ చటుక్కున అత్తమ్మ ఒళ్లోని కట్టలోంచి బయానా నోట్లు లాగబోయాడు. నేను ఇంకా చటుక్కున కార్డు బల్ల మీద పెట్టాను.

"బయానా దీని మీద తీసుకోండి" అన్నాను, హైదరాబాద్ గొంతుతో.

డీలరు కార్డు వంక చూశాడు. తర్వాత తన వెనక బోర్డు వంక చూశాడు. మామ మీసం పైకి లేచింది. బస్సెక్కేదాకా మౌనం! మూడు రోజుల సెలవు మిగిలి ఉంది.

"ఓ, ఇదా!" అన్నాడు డీలరు. "పైన లాడ్జిలో మిషను ఉందండీ. హైదరాబాదు పార్టీలు దిగుతుంటారు కదా, బ్యాంకువాళ్లు పెట్టి పోయారు. కారుకి ఎవరూ ఇంతవరకు ఇవ్వలేదు గాని, మిషనుకేం తెలుసు, కారో, గదో. కాకపోతే వందకి రెండు రూపాయలు పైన పడుద్దండీ."

"పైన పడ్డది నేనిస్త" అంది అత్తమ్మ వెంటనే. పోపుడబ్బాలో దాచుకున్న డబ్బు ఆమె ఇస్తాననడం నా జీవితంలో నేను విన్నది అప్పుడే.

పైనుంచి మిషను తెచ్చి బల్ల మీద పెట్టారు. ఇనప పలక, దాని మీద అటూ ఇటూ జరిగే పిడి. కార్డును పలకలో పెట్టి, పైన కార్బన్ కాగితాల చీటీ పెట్టి పిడి లాగితే ఉబ్బెత్తు అక్షరాలు చీటీ మీద అచ్చుపడతాయి. మామ దాని వంక ఎలుకబోను వంక ఎలుక చూసినట్టు చూశాడు.

"జర ఆగున్రి" అన్నాడు. "కారు అద్దాల ముచ్చట ఒకటి మరిచిన." తన కుర్చీ డీలరు పక్కకి లాక్కుని ఆయన చెవిలో ఏదో గొణిగాడు. కండువా మళ్లీ కప్పుకున్నాడు.

బేరం అయిపోయాక కండువా ఎందుకు? నాకు అర్థం కాలేదు. అది ఎగిరింది, ఆగింది, మళ్లీ ఎగిరింది. డీలరు మొహంలో ముందు ఆశ్చర్యం, తర్వాత జాలి, ఆ తర్వాత చాలా ఆనందం కనిపించాయి. చెయ్యి కండువా కిందే ఉంచి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయిగారూ, ఏమనుకోకండి. ఇప్పుడే గుర్తొచ్చింది, మిషను పాడైందండీ. కార్డు కుదరదు."

"ఇప్పుడే గదా మిషనుకేం తెలుసన్నరు!"

"అదేనండీ, దానికేం తెలియకుండా పోయింది."

మామ పైకప్పు వంక చూస్తూ ఎడమచేత్తో మీసం కొస తిప్పుతున్నాడు. "నోరు మూస్కో మరి కోడలా. పందెం."

నిజంగానే మూసుకున్నాను. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. అప్పుడు అత్తమ్మ లేచింది. మెల్లిగా మామ దగ్గరికి వెళ్లింది. ఇద్దరి చేతుల మీద ఇంకా పడి ఉన్న కండువా అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

సంతలో బేరం మీది గుడ్డ లాగడం ఎంత ఘోరమో చెప్పలేను. స్నానాల గది తలుపు తీసినంత పని. మామ చెయ్యి డీలరు వేళ్లు పట్టుకుని అలాగే బయటపడిపోయింది. ఖాయం చేసుకోవడానికి పట్టుకున్న వేళ్లు కాబోలు, వదలడానికి టైము దొరకలేదు.

"ఏందిది?" అంది అత్తమ్మ. "ఐదు నూర్లు ఎక్కువిస్తనన్నడు గదా?"

డీలరు చెయ్యి లాక్కుని, ఇక ఆపుకోలేక పకపకా నవ్వాడు. "నన్నేం చేయమంటారమ్మా! పదేళ్లు ఎడ్లు అమ్మాను, ఎడ్లకి బేరమాడాను, పళ్లకి బేరమాడాను. తన మీసం కాపాడుకోవడానికి కారు రేటు తనే పెంచి అడిగే మనిషిని ఇవాళే చూశానండీ!"

"మిషన్ మంచిగనే ఉన్నదా?"

"రాయిలా ఉందమ్మా."

"అయితే ఇను. కార్డు దీస్కోకుంటే మాకు కారే వద్దు. పా బిడ్డా, బస్టాండ్‌కు పోదం. ఈయనకు మీసం గావాల్నట, గీడనే మీసం మీద కూసొని రమ్మను."

అత్తమ్మ నిజంగానే మెట్లు దిగింది. డబ్బంతా ఆమె కొంగులోనే ఉంది, మామ దగ్గర చిల్లిగవ్వ లేదు. డీలరు పరుగెత్తి అడ్డం వచ్చాడు. ఆ పాలరంగు కారు చాలాకాలంగా అమ్ముడుపోక అక్కడ నిలబడి ఉన్నట్టుంది. "అమ్మా, అమ్మా, ఆగండి. కార్డే! కార్డే తీసుకుంటాను. ఆ పైన పడేది కూడా వద్దులెండి."

మామ కుర్చీలో కూలబడి అన్నాడు, "ఇంట్ల దొంగను ఎవడు వట్టాలె!"

కానీ ఇంకా ఒక అడ్డంకి ఉంది. కార్డు మీద అంత డబ్బు తీసుకోవాలంటే ముందు హైదరాబాద్‌కు ఫోన్ చేసి, బ్యాంకువాళ్లు "సరే" అని ఒక నంబరు చెప్పాలి. డీలరు ఫోన్ తిప్పడం మొదలుపెట్టాడు. ఎంగేజ్. మళ్లీ తిప్పాడు. ఎవరో విజయవాడలో పలికారు. మామ చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. టెలిఫోన్ లైను కలవకూడదని మొక్కుకున్న మనిషి ఆ కాలంలో ఆయనొక్కడే అయుంటాడు. మిగతా దేశమంతా కలవాలనే మొక్కుకునేది.

కలిసింది. గరగరమంటూ కలిసింది. డీలరు కార్డు మీది అంకెలు ఒక్కొక్కటీ అరిచి చెబుతుంటే, బయట టీ కొట్టు దగ్గర నిలబడ్డ లారీ డ్రైవర్లు గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు. "పేరా? ఆడమనిషండీ! ఆ, ఆవిడే, ఎదురుగానే ఉంది! పుట్టినతేదీ అడుగుతున్నాడమ్మా, చెప్పండి. గట్టిగా!" నేను గట్టిగా చెప్పాను. అత్తమ్మ డ్రైవర్లకేసి తిరిగి, "మా ఆడబిడ్డ బిడ్డ. బీకాం" అంది.

అటునుంచి ఏదో అన్నారు. డీలరు చీటీ మీద నంబరు రాసుకుని ఫోన్ పెట్టేశాడు. కార్డును పలకలో పెట్టాడు. పిడి పట్టుకుని అటు లాగాడు, ఇటు లాగాడు. గర్ర్, గర్ర్. ఆ చప్పుడికి మామ చెయ్యి దానంతట అదే పై పెదవి మీదికి పోయింది.

నేను సంతకం పెట్టాను. మా వంశంలో ఎవరూ అంత వంకర్లు తిప్పి సంతకం పెట్టి ఉండరు. మిగతా డబ్బు అత్తమ్మ లెక్కపెట్టి ఇచ్చింది. కాగితాలు చదివి మామ చేత కూడా పెట్టించాను. డీలరు నిమ్మకాయలు తెప్పించి టైర్ల కింద పెట్టాడు, బానెట్ మీద బంతిపూల దండ వేశాడు. మామ నీరసంగా ఆఖరి బాణం వేశాడు.

"ఏమే, బయానా ఒక్కటే గద కార్డు మీద ఇచ్చింది. మొత్తం కారు గాదు గద. మీసం గూడ జర అంచులు కత్తిరిస్తే సరిపోదా?"

"ఒక్క రూపాయి దీస్కున్నా అన్నవు. తీస్తే మొత్తం తియ్యి. అంచుల్లేని మీసంతోని నా ఎంబడి రాకు."

రోడ్డుకి అటుపక్కనే కటింగ్ షాపు. నేనూ అత్తమ్మా గుమ్మంలో నిలబడ్డాం, పారిపోతాడేమోనని. మామ కుర్చీలో కూర్చుని అద్దంలో మీసాన్ని చివరిసారి మెలిపెట్టుకున్నాడు. "మీసం తియ్యి" అన్నాడు. మంగలాయన చేతిలో కత్తెర ఆగిపోయింది.

"అయ్యో సారూ. ఎవరు పోయారు?"

మామ అద్దంలోంచి మా ఇద్దరి వంక చూశాడు. మా దగ్గర తండ్రి పోతేనే మగవాడు మీసం తీయిస్తాడు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. పందెం వేసినప్పుడు మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

"నాన్నగారా?"

"ఎవరు వోలేదయ్యా, నువ్వు తియ్యి."

"మనసు రాయి చేసుకోవాలి సారూ. మొదట్లో నోటికి రాదు ఆ మాట. మా నాన్న పోయినప్పుడు నేనూ అంతే" అని, నురగ పూస్తూ, మామ భుజం మీద చెయ్యి వేసి నిమిరాడు. టీ తెప్పించి ఇచ్చాడు. మామ టీ తాగాడు. జీవితంలో మొదటిసారి మొత్తం చాయ్ ఆయనకే దక్కింది. లేచి డబ్బు ఇవ్వబోతే మంగలాయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "ఇలాంటి రోజున తీసుకోను సారూ."

అత్తమ్మ బయటికి వెళ్లి కారు వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత మామ మొహం వంక చాలాసేపు చూసింది. "మంచిగున్నవు" అంది, కొత్త మనిషితో మాట్లాడినట్టు, కొంచెం సిగ్గుగా. మామ కారెక్కి తలుపు దభీమని వేసుకున్నాడు.

హుజూర్‌నగర్ దాకా ఆయన ట్రాక్టరు తోలినట్టే తోలాడు. నేను గెలిచాను కనుక నోరు మూసుకోవాల్సిన పని లేదు. లిఫ్టు గురించి మళ్లీ చెప్పాను. ఏసీ గురించి చెప్పాను. క్రెడిట్‌కీ ఉద్దెరకూ ఉన్న తేడా వివరంగా చెప్పాను. వినకుండా ఉండటానికి ఆయన హారన్ కొడుతూనే ఉన్నాడు.

మిర్యాలగూడలోకి రాగానే అసలు కథ మొదలైంది. మొదటి మిల్లు గేటు దగ్గర హమాలీలు కారు చూసి చేతులూపారు. దగ్గరికొచ్చి లోపలికి వంగి చూశారు. మామ పై పెదవి తెల్లగా, ఉతికి ఆరేసినట్టు ఉంది. ఊపిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి. ఒకడు తలపాగా తీశాడు. ఇంకొకడు సైకిలెక్కి మా కంటే ముందు ఊళ్లోకి పోయాడు. బంతిపూల దండ వేసిన కారు, మీసం లేని కొడుకు. వాళ్లు ఇంకేం అనుకుంటారు?

"అత్తమ్మా, గా సైకిలాయన ఎటు వోయిండు?" అన్నాను.

అత్తమ్మ నవ్వు మొహంలోంచి మెల్లగా జారిపోయింది. "జల్ది తోలు" అంది మామతో.

మేము ఇంటి మలుపు తిరిగేసరికి వాకిలి నిండా జనం. వీధి చివరింటి ముసలమ్మ ఒకామె మా మామ అరుగు మీద కూలబడి రాగం తీసి ఏడుస్తోంది. "ఎంత మంచోడివి నాయనో, ఎవరికి అన్యాయం జెయ్యకపోతివి నాయనో!" నులకమంచం మీద పడుకున్న తాత ఆ రాగానికి మెలకువ వచ్చి లేచి కూర్చున్నాడు. ఆమె వెనకనే కూర్చున్నాడు కనుక ఆమెకు కనపడలేదు.

"ఎవరు సచ్చిన్రే?" అన్నాడు తాత.

"నువ్వే నాయనో!" అంది ముసలమ్మ, తిరిగి చూడకుండా, రాగం తప్పకుండా.

"నేనా? ఎప్పుడు?"

అప్పుడు తిరిగి చూసింది. ఆ తర్వాత ఆమెకు నీళ్లు చల్లి లేపడానికి కొంతసేపు పట్టింది.

మామ కారు దిగాడు. జనం దారి ఇచ్చారు. తాత కొడుకు మొహాన్ని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చూశాడు. మామ తలవంచుకుని నిలబడ్డాడు. వడ్ల ధర మీద ఊరినంతా గదమాయించే మనిషి, ఆ తెల్లటి పెదవి వల్ల బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

"పందెం ఓడిన నాయనా" అన్నాడు.

"అది కనవడ్తనే ఉన్నది. నేను బతికుండంగనే మీసం దీసినవు. రేపు నేను సస్తే ఏం దీస్తవ్ రా?"

మామ చెయ్యి మళ్లీ లేని మీసం మీదికి పోయింది. తాత ఆ చెయ్యి వంక చూశాడు.

"గంతే ఇగ. అది మళ్ల మొలిచెదాంక నేను సావొద్దు. నువ్వు దానికి జర నిదానంగ ఆముదం రాయి." అని చేతికర్ర అందుకున్నాడు. "ఏది, నన్ను కార్ల కూసోవెట్టు. ముందర. ఊరంత తిప్పు. నేను పోయిన్నని ఎంతమంది అనుకుంటున్నరో అందరి ఇంటి ముందు ఆపు."

మామ ఆయన్ని రెండు చేతులతో ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. నేనూ అత్తమ్మా వెనక ఎక్కాం. కారు బజారు వైపు మెల్లగా కదిలింది. తాత కిటికీలోంచి మోచేయి బయటపెట్టి ఎదురైన ప్రతివాడికీ కర్ర ఊపాడు. మూడో వీధిలో మా దూరపు చుట్టాలావిడ ఒకామె తడి జుట్టుతో గుమ్మంలో నిలబడి ఉంది. కబురు అందగానే మైల స్నానం చేసేసినట్టుంది. తాత మామ భుజం తట్టి కారు ఆపించాడు. తల బయటికి పెట్టాడు.

"ఏమే, నా పేరు మీద తానం జేసినవట. నీళ్లు ఉడుకుగ ఉండెనా, సల్లగ ఉండెనా?"